మెత్తని మాట ఎవరికి

మార్చి 4

ఇంటికి వచ్చేశాం. పదకొండు రోజుల ఆసుపత్రి సంచీ ఇంకా గుమ్మం దగ్గరే ఉంది. విప్పబుద్ధి కావడం లేదు.

ఆయనకి ఎడమ చెయ్యి తప్ప అంతా బాగానే ఉంది. నడక ఉంది, మాట ఉంది. మాట పోతుందేమోనని మొదటి రెండు రోజులూ నేను పడ్డ భయం ఇంతా అంతా కాదు. "పక్షవాతం దెబ్బ మెదడుకి కుడివైపు తగిలిందమ్మా. మాటలుండేది ఎక్కువగా ఎడమవైపు. అదృష్టవంతులు" అన్నాడు పెద్ద డాక్టరు.

సాయంత్రం టీకి నీళ్ళు పెట్టి, పరీక్ష పేపర్లు తీసుకుని ముందు గదిలోకి వచ్చాను. "గిన్నె మరుగుతోందేమో కాస్త చూడండి" అన్నాను. వంటగదిలోకి వెళ్ళి చాలాసేపు నిలబడ్డారు. "మరగట్లేదు" అని కేకేశారు. నేను వెళ్ళి చూసేసరికి నీళ్ళు సగానికి సగం ఆవిరైపోయాయి.

"ఇదేమిటండీ?"

"మరుగుతున్నవి నీళ్ళు. గిన్నె మరగడమేమిటి?" అన్నారు, ముఖం బిగించి.

నవ్వాపుకోలేకపోయాను. నేను రాస్తున్న గైడులో మెటానమీ కింద ఉన్న ఉదాహరణే ఇది: 'ది కెటిల్ ఈజ్ బాయిలింగ్'. మరిగేది లోపలి నీళ్ళయినా పేరు పాత్రదే చెబుతాం. నా కాగితాలు ఎప్పుడు చూశారో ఏమో, ఇంటికొచ్చిన పూటే నా మీద ప్రయోగించారు. హమ్మయ్య. మనిషి మామూలైపోయారు.

గైడు మే నెలాఖరుకి ఇవ్వాలి. ఇంగ్లీషులోని ఫిగర్స్ ఆఫ్ స్పీచ్ అన్నీ పరీక్షకి పనికొచ్చేలా, ఒక్కోదానికి పది ఉదాహరణలతో. ఇరవై ఏళ్ళుగా సాయంకాలం కాలేజీలో చెబుతున్నవే కదా, చేయి తిరిగిన పనే.

మార్చి 6

ఏమీ లేదు. రెండు జోకులు.

మార్చి 9

పొద్దుటినుంచి వాన. అతిశయోక్తి పాఠం రాస్తూ, వరస బాగుందో లేదో చూసుకోవడానికి పైకి చదువుతున్నాను. 'ఇట్ ఈజ్ రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్' అన్నాను. ఆయన కుర్చీలోంచి లేచి కిటికీ దగ్గరికి వెళ్ళారు. నాలుగంతస్తుల కిందికి వంగి చూశారు.

"కుక్క ఒకటుంది. కారు కింద దూరింది. పిల్లి లేదు" అన్నారు.

కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వాను. ఆయన నా వంకే చూస్తూ, "ఎందుకు నవ్వుతున్నావు?" అని అడిగారు. అడిగిన తీరు చూసి ఇంకా నవ్వాను. నవ్వు ఆపుకోవడంలో ఆయన తర్వాతే ఎవరైనా. అసలు మా పరిచయమే అలా అయింది. ఇరవై ఏడేళ్ళ కిందట నేను చదువుకునే చోట లిఫ్టు మధ్యలో ఆగిపోయి నలభై నిమిషాలు ఇరుక్కుపోయాను. బయటినుంచి తలుపు సందులోంచి ఒక గొంతు, "కంగారు పడకండి మేడమ్, ఈ లిఫ్టు ఇప్పటిదాకా ఒక్కరినే చంపింది, ఆయన కూడా ఎదురుచూసీ ఎదురుచూసీ పోయాడు" అంది. తలుపు తెరుచుకున్నాక చూస్తే ముఖంలో నవ్వు జాడ కూడా లేదు. లిఫ్టు మెకానిక్. ఆరు నెలలకి పెళ్ళి.

ఆయన నేరుగా ఒక్క మాట అనగా నేను వినలేదు. కూర బాగుంటే "ఈ వంట తిన్నవాడు పోలీసులకి చెప్పాలి" అంటారు. నేను అలిగితే "ఇవాళ ఇంట్లో ఎండ మెండుగా ఉంది" అంటారు. ఇష్టం అనే మాట మా మధ్య ఎప్పుడూ రాలేదు. అవసరం పడలేదు.

మార్చి 10

ఇంటికొచ్చాక నన్ను ఎప్పటిలా టీచరమ్మా అని పిలవడం లేదు. అన్ని రోజులు మంచాన ఉంటే ఎవరికైనా అలవాట్లు తప్పుతాయి.

మార్చి 13

పేపర్లు దిద్దుతుంటే పక్కన కూర్చుని ఒకటే ప్రశ్నలు. "నా తల తినకండి" అన్నాను. "తినట్లేదు" అన్నారు. తన చేతుల్ని చూసుకున్నారు, ఒకదాని తర్వాత ఒకటి.

జోకు బాగుంది.

మార్చి 17

ఆసుపత్రి వాళ్ళు మాట పరీక్ష చేయించుకోమంటే వెళ్ళాం. స్పీచ్ మేడమ్ మా అమ్మాయి కంటే రెండేళ్ళు పెద్దదేమో. బల్ల మీద నాలుగు బొమ్మలు పరిచింది. "ఆయనకి గుండె బరువెక్కింది. ఇందులో ఏ బొమ్మండీ?" అని అడిగింది. ఒకదాంట్లో ఒకాయన ఏడుస్తున్నాడు. ఒకదాంట్లో ఒకాయన పెద్ద ఎర్రటి గుండెని బస్తాలాగా వీపున మోస్తున్నాడు. మిగతా రెండూ తక్కెడ, ఖాళీ రోడ్డు.

ఆయన బస్తా మనిషిని చూపించారు. "మిగతావాటిలో గుండే లేదుగా" అన్నారు.

తర్వాత, "ఒకావిడ కూర మాడ్చేసింది. భర్త ఒక ముద్ద తిని 'ఆహా, ఎంత బాగా వండావు' అన్నాడు. ఆయన ఉద్దేశమేమిటి?" అంది.

"కూర బాగుందని."

"మాడిపోయింది కదండీ?"

"మాడింది ఆయనకి ఇష్టమేమో."

ఆ అమ్మాయి ఏదో రాసుకుంది. నేను చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. పాపం ఆ పిల్లకి ఈయన సంగతి తెలీదు. ఐరనీ మీద బతికిన మనిషికి ఐరనీ పరీక్ష పెడితే ఆడుకోడా మరి.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో అన్నాను, "చాలు నాటకం. నాతోనైనా చెప్పండి."

"ఏ నాటకం?"

తర్వాత స్టాపులో దిగాల్సింది, రెండు స్టాపులు దాటిపోయాం. నేనే చూసుకోలేదు.

మార్చి 18

నాటకమే.

మార్చి 26

ఇవాళ జరిగింది రాయాలి. రాయకపోతే రేపటికి దీన్ని కూడా ఇంకోలా చెప్పుకుంటానని భయం.

పొద్దున తొమ్మిదింటికి పబ్లిషర్ ఫోను. ఆక్సీమొరాన్‌కీ ప్యారడాక్స్‌కీ తేడా స్పష్టంగా లేదట, మళ్ళీ రాయమన్నాడు. రాస్తుంటే ఆయన వచ్చి అల్మారా తలుపు సరిగ్గా పడట్లేదని చెప్పారు. తర్వాత చూద్దామన్నాను. ఐదు నిమిషాలకి మళ్ళీ వచ్చి, "తర్వాత అంటే ఎప్పుడు?" అన్నారు. ఇంకో ఐదు నిమిషాలకి మళ్ళీ. చేతిలో కలం బల్ల మీద కొట్టి, "మీకో దండం. కాసేపు నా కళ్ళకి కనపడకండి" అన్నాను.

సరేనని వెళ్ళిపోయారు. మాటల్లేకుండా ఇల్లు ఎంత హాయిగా ఉందో. పదకొండున్నరకి తలెత్తాను. గదుల్లో లేరు. చెప్పులు లేవు.

కింద వాచ్‌మన్ చూడలేదన్నాడు. బస్‌స్టాపు, టీకొట్టు, మందుల షాపు, పార్కు, అన్నీ తిరిగాను. రోడ్డు దాటేటప్పుడు ఆయనకి ఎడమవైపు వచ్చేది సరిగ్గా ఆనదని డాక్టరు చెప్పిన సంగతి నడిరోడ్డు మీద గుర్తొచ్చింది. కంపెనీకి ఫోన్ చేస్తే ఆయన కింద పని నేర్చుకున్న చిన్న మేస్త్రి బండేసుకుని వచ్చాడు. మనిషికి నలభై దాటినా ఆ పేరు పోలేదు.

"వదినా, ముందు మీరు కూర్చోండి. ఏమైనా అనుకున్నారా?"

"ఏమీ అనుకోలేదు" అన్నాను. నిజంగా ఏమీ అనుకోలేదనే నా నమ్మకం.

రెండు గంటలు బండి మీద తిరిగాడు. నాలుగింటికి మళ్ళీ వచ్చి, లిఫ్టు ఎక్కబోతూ ఆగి, పైకి చూసి, "వదినా, ఈ బిల్డింగు లిఫ్టు కూడా అన్నే చూసేవాడు, మిషన్ రూమ్ తాళంచెవి అన్న దగ్గర ఉండిపోయింది కదా" అన్నాడు.

మేడ మీద లిఫ్టు మోటారు ఉండే గది. కిటికీ లేదు. తలుపు తీస్తే వేడి ముఖాన కొట్టింది. మోటారు పక్కన, బోర్లించిన బకెట్ మీద కూర్చుని ఉన్నారు. చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది. పొద్దున తొమ్మిదిన్నర నుంచి. నీళ్ళు కూడా లేకుండా.

నన్ను చూసి లేవలేదు. చెయ్యి ముఖానికి అడ్డం పెట్టుకున్నారు.

"ఇప్పుడు కనపడొచ్చా?" అని అడిగారు.

మార్చి 27

జోకు కాదు. ఒక్కటీ కాదు. నీళ్ళు, కుక్క, తల, ఏదీ.

ఏప్రిల్ 2

స్పీచ్ మేడమ్‌ని ఒక్కదాన్నే కలిశాను. పోయినసారి నవ్వినందుకు ఏమనుకుందో. ఏమీ అనుకోలేదట, చాలామంది ఇంట్లోవాళ్ళు మొదట్లో నవ్వుతారట.

"మాటకి ఉన్న అర్థం ఒకటి, ఆ మాట అన్న మనిషి ఉద్దేశం ఒకటి. మనం రెంటినీ కలిపేసుకుంటాం, కలుపుతున్నట్టు కూడా మనకి తెలీదు. అందులో మెదడు కుడివైపుకి కూడా పని ఉంటుంది. మీవారికి మాట అందుతోంది. దాని వెనక ఏముందో అందట్లేదు" అంది.

"మళ్ళీ వస్తుందా?"

"కొందరికి కొంత వస్తుంది. ఎంత అనేది నేను చెప్పలేను."

"మరి నేనెలా మాట్లాడాలి?"

"నేరుగా."

అంత తేలికగా అనేసింది. ఇంటికొచ్చి ఒక పూటంతా నా మాటలు నేనే వింటూ కూర్చున్నాను. కడుపు మండిపోతోంది అంటాను. ప్రాణం విసిగింది అంటాను. చచ్చేంత పని ఉంది, కాళ్ళు పీకేస్తున్నాయి, నిన్నటినుంచి ఒకటే పరుగు, గుండె ఆగినంత పనైంది. నేరుగా అన్న మాట ఒక్కటే దొరికింది: "లైటు ఆర్పండి."

ఒక ఉపాయం మాత్రం దొరికింది. 'లాగా' కలిపితే ఆయనకి తెలుస్తోంది. "తల పగిలిపోతోంది" అంటే దగ్గరికొచ్చి వేళ్ళతో తడిమి చూస్తారు. "పగిలిపోతున్నట్టుగా నొప్పిగా ఉంది" అంటే మాత్ర తెచ్చిస్తారు. సిమిలీకి 'లైక్', 'యాజ్' అనే గుర్తులుంటాయని, మెటఫర్‌కి ఆ గుర్తు ఉండదని పిల్లలకి బోర్డు మీద గీసి చెప్పేదాన్ని. ఒక మార్కు ప్రశ్న. ఆ గుర్తు లేకపోతే మనిషి దారి తప్పిపోతాడని నాకు తెలీదు.

తికమక ఏమిటంటే, బల్ల కాళ్ళు తుడవమంటే తుడుస్తారు. కుర్చీ చేతులన్నా, సీసా మెడన్నా ఇబ్బంది లేదు. అవి మాత్రం మెటఫర్లు కావా? అరిగీ అరిగీ వట్టి పేర్లయిపోయాయేమో. ఇంగ్లీషు గడియారానికి చేతులుంటాయి, మన గడియారానికి ముళ్ళుంటాయి. ఆయన్ని అడిగాను, ఏది సరైనదని. "రెండూ కావు. రేకు ముక్కలు" అన్నారు.

ఏప్రిల్ 8

అమ్మాయి వచ్చింది. ఉద్యోగం ఊరినుంచి మూడు గంటల ప్రయాణం, రెండు రోజులుండి వెళ్ళింది. వాళ్ళ నాన్నని చూస్తూ కూర్చుంది. "నాన్నా, నన్ను మర్చిపోయావా?" అని గారంగా అడిగితే దాని పేరు, పుట్టినరోజు, బడి పేరు వరసగా అప్పజెప్పారు. అది బాత్రూములోకి వెళ్ళి పంపు తిప్పుకుంది.

వెళ్ళేటప్పుడు ఒక ఫారం ఇచ్చింది.

"చదువమ్మా. ఊరికే చదువు."

అల్మారాలో పెట్టాను.

ఏప్రిల్ 11

ఫారం చదవలేదు.

ఏప్రిల్ 12

చదివాను. చోటు బాగానే ఉన్నట్టుంది. తోట ఉంది. నర్సులున్నారు. తక్కువలో తక్కువ ఆరు నెలలు ఉంచాలట.

చదివినంత మాత్రాన ఏముంది.

ఏప్రిల్ 15

ఇవాళ క్లాసులో ఆలస్యమైంది. తలుపు తీసేసరికి ఆయన నేను వదిలి వెళ్ళిన చోటే ఉన్నారు. "ఇక్కడే ఉండండి, ఇప్పుడే వస్తా" అన్నాను వెళ్ళేటప్పుడు. ఇక్కడే అంటే ఆ కుర్చీ కాదని చెప్పలేదు. ఇప్పుడే అంటే మూడు గంటలని చెప్పలేదు. లుంగీ తడిసి ఉంది.

కడిగాను, మార్చాను. తర్వాత భోజనాల దగ్గర, గొంతు వీలైనంత మామూలుగా పెట్టుకుని అన్నాను.

"కొన్నాళ్ళు ఎక్కడికైనా వెళ్ళొస్తారా? గాలి మార్పు ఉంటుంది."

"ఇక్కడి గాలి బాగానే ఉంది" అన్నారు.

ఏప్రిల్ 16

ఫారంలో మొదటి పేజీ నింపాను. ఊరికే. పేరు, వయసు, చేసే పని.

ఏప్రిల్ 21

నిన్న సాయంత్రం నేను కాలేజీలో ఉండగా కంపెనీనుంచి ఉత్తరం వచ్చింది. నాకు చెప్పలేదు. ఇవాళ ఏడింటికి నేను నిద్ర లేచేసరికి ఆయన తయారై ఉన్నారు. నీలం చొక్కా, జేబు మీద కంపెనీ గుర్తు, నల్ల బూట్లు. సరిగ్గా ఆడని ఎడమ చేత్తో లేసులు ఎంతసేపు కట్టుకున్నారో. పనిముట్ల పెట్టె గుమ్మం దగ్గర పెట్టుకున్నారు.

"ఎక్కడికండీ?"

"పనికి. వెళ్ళనిస్తారట."

మడత పెట్టిన ఉత్తరం ఇచ్చారు. ఇంగ్లీషులో ఐదే వాక్యాలు. ఇరవై తొమ్మిదేళ్ళ సేవ, అంకితభావం, తదితరం. నాలుగోది: 'ఆఫ్టర్ కేర్‌ఫుల్ కన్సిడరేషన్, వి హావ్ డిసైడెడ్ టు లెట్ యు గో.'

మోటార్ల పుస్తకాలు చదవడానికి నేర్చుకున్న ఇంగ్లీషు ఆయనది. లెట్ అంటే ఒప్పుకోవడం, యు అంటే నువ్వు, గో అంటే వెళ్ళడం. ఆయన చదివింది తప్పని ఏ డిక్షనరీ అనదు.

ఒక్క క్షణం నేను కూడా అలాగే చదివాను. నిజం. ఆయన ముఖం చూస్తూ, వీళ్ళు పిలిచే ఉంటారు, ఎందుకు పిలవరు అనుకున్నాను. యూఫెమిజం పాఠం మొన్ననే చెప్పాను. చనిపోతే 'పాస్డ్ అవే', అబద్ధమాడితే 'నిజాన్ని పొదుపుగా వాడాడు', ఉద్యోగం ఊడితే 'లెట్ గో'. కఠినమైన విషయాన్ని మృదువైన మాటతో చెప్పడం, ఉదాహరణలు రాయండి, రెండు మార్కులు.

"కూర్చోండి" అన్నాను.

"బస్సు వెళ్ళిపోతుంది."

"మిమ్మల్ని ఉద్యోగంలోంచి తీసేశారండీ."

ఉత్తరం తీసుకుని మళ్ళీ చదివారు. వేలు పెట్టి, పదం పదం.

"అలా రాయలేదు."

"అలా రాయరు. దాని అర్థం అదే. మెత్తగా రాశారు."

"మెత్తగా ఎవరికి?"

నాకు అర్థం కాలేదు.

"చదివే నాకు మెత్తగానా, రాసినవాళ్ళకి మెత్తగానా?" అన్నారు. "నాకైతే ఇది అర్థమే కాలేదు. బూట్లు కూడా వేసుకున్నాను."

ఇరవై ఏళ్ళలో ఏ పిల్లాడూ ఏ పిల్లా అడగని ప్రశ్న. ఆయన కూర్చుని బూట్లు విప్పడం మొదలుపెట్టారు. నేను వంగబోతే వద్దన్నారు. ఒక లేసు ముడి పడిపోయింది. దాని మీదే చూపు పెట్టి అడిగారు.

"గాలి మార్పు అన్నావు కదా ఆ రోజు. అది కూడా ఇలాంటిదేనా?"

"పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి" అని లోపలికి వచ్చేశాను.

వెనకే వచ్చారు. ఒక కాలికి బూటుంది, ఒక కాలికి లేదు.

"పొయ్యి మీద పాలు లేవు" అన్నారు.

ఏప్రిల్ 22

నిన్న మిగతాది.

చెప్పేశాను. వంటగదిలో నిలబడే. "అవును, అదీ ఇలాంటిదే. మిమ్మల్ని రోగుల్ని చూసుకునే ఒక కేంద్రంలో పెట్టాలనుకున్నాను. ఆరు నెలలు. ఫారం సగం నింపాను."

"ఎందుకు?"

"అలసిపోయాను. మిమ్మల్ని ఒక్కర్నీ వదిలి వెళ్ళాలంటే భయం, మీతో ఉండాలన్నా భయం. ఏమంటే ఏమవుతుందో తెలీట్లేదు. మీరు మునుపటి మనిషి కాదు. ఆ మనిషి కోసం వెతుక్కుంటున్నాను."

ఇన్ని వాక్యాల్లో ఒక్క అలంకారం కూడా లేదని ఇప్పుడు రాస్తుంటే కనిపిస్తోంది. 'వెతుక్కుంటున్నాను' ఒక్కటి తప్ప. దాన్ని ఆయన పట్టుకుంటారని భయపడ్డాను. పట్టుకోలేదు.

"మునుపటిలా అవుతానో లేదో నాకు తెలీదు. నువ్వు అలసిపోతే వెళ్తాను. నాకు వెళ్ళాలని లేదు" అన్నారు.

ఇరవై ఆరేళ్ళ కాపురంలో ఆయన తనకేం కావాలో నాతో చెప్పడం ఇదే మొదటిసారి. అంతకుముందు ఆయనకేం కావాలో నాకంతా తెలుసనుకునేదాన్ని. జోకు వింటూ లోపలిది నేనే నింపుకునేదాన్ని. నేను నింపినవన్నీ ఆయనవేనా, నావా? ఇది ఆలోచిస్తే తల తిరుగుతోంది. తిరుగుతున్నట్టుగా ఉంది.

ఏప్రిల్ 27

ఇద్దరం కలిసి ఆ కేంద్రం చూడ్డానికి వెళ్ళాం. చూపించినావిడ మంచిదే. "ఇది మీ ఇల్లే అనుకోండి" అంది ఆయనతో. "కాదు. మా ఇల్లు నాలుగో అంతస్తు" అన్నారు. ఆవిడ నా వైపు చూసింది. నేను వివరించలేదు.

"తలుపులకి బయటినుంచి తాళం వేస్తారా?" అని అడిగారు.

"వేస్తామండీ, మీ అందరి క్షేమం కోసమే."

"అయితే రాను" అన్నారు. ఆవిడతో కాదు, నాతో.

సరే అన్నాను. ఇదీ అని కారణం లేదు. మిషన్ రూమ్ గుర్తొచ్చి ఉంటుంది నాకు. లేకపోతే ఊరికే.

అమ్మాయికి ఫోన్ చేసి చెబితే కోప్పడింది. "ఎన్నాళ్ళని మోస్తావమ్మా ఒక్కదానివీ?" స్పీకర్లో ఉంది. ఆయన వంగి, "నన్నెవరూ మోయట్లేదమ్మా. నడుస్తున్నాను" అన్నారు. తర్వాత అది నవ్విందో ఏడ్చిందో పోల్చుకోలేకపోయాను. వచ్చే నెలనుంచి శని, ఆదివారాలు వచ్చి తనే ఉంటానంది, ఆ రెండు రోజులూ నన్ను బయటికి పొమ్మంది. పొమ్మంటే నిజంగానే పోతానన్నాను.

ఏప్రిల్ 30

కంపెనీలో తాళంచెవులు, పనిముట్లు, చొక్కాలు అప్పజెప్పాం. పెద్ద ఆఫీసరు లేచి నిలబడి, "మీరు ఈ సంస్థకి మూలస్తంభం" అన్నాడు. మనసులో దణ్ణం పెట్టుకున్నాను, ఏమంటారోనని.

"స్తంభాన్ని తీసేస్తే కప్పు పడుతుంది. మీది పడదు. చిన్న మేస్త్రికి పని బాగా వచ్చు" అన్నారు.

ఆఫీసరు కూర్చుండిపోయాడు. గుమ్మం పక్కన చిన్న మేస్త్రి అటు తిరిగి ముక్కు తుడుచుకున్నాడు. మెట్ల మీద నన్ను ఆపి, "అన్న ఇన్నేళ్ళలో నన్నొక్కసారి కూడా మెచ్చుకోలేదు వదినా. గాడిదా అనేవాడు. ఆ పిలుపులోనే ఉందనుకునేవాణ్ణి" అన్నాడు.

మే 5

గైడు ఇచ్చేశాను. యూఫెమిజం పాఠం చివర ఒక ప్రశ్న కలిపాను: 'ఈ మృదుత్వం ఎవరి కోసం, వినేవారి కోసమా, చెప్పేవారి కోసమా? సొంత ఉదాహరణతో చర్చించండి.' పబ్లిషర్ కొట్టేశాడు. సిలబస్‌లో లేదట.

మే 9

వంకాయలు తరుగుతున్నారు, కుడి చేత్తో కోస్తూ ఎడమ చెయ్యి అదిమి పట్టుకోవడం సాధన. నేను ఎదురుగా కూర్చుని ఉన్నాను. ఏ సందర్భమూ లేదు. అడిగేశాను.

"నేనంటే మీకిష్టమేనా?"

కత్తి ఆగింది. మునుపైతే ఏమనేవారో నాకు తెలుసు, ఓ పది జవాబులు చెప్పగలను, పదీ నవ్వించేవే.

"ఆలోచించి చెప్తాను" అన్నారు.

తరగడం పూర్తి చేసి వెళ్ళిపోయారు.

మే 10

ఇంకా చెప్పలేదు. అడగలేదు.

మే 11

కిటికీ దగ్గర కూర్చుంటున్నారు. ఆలోచిస్తున్నారేమో, కిందికి చూస్తున్నారేమో. ఇంత మాటకి ఇన్ని రోజులా అని ఒకసారి ఒళ్ళు మండింది. ఇన్ని రోజులు ఎవరైనా నా గురించి ఆలోచించారా అని ఇంకోసారి. రెంటిలో ఏది అనుకోవాలో తెలియక రెండుసార్లు స్నానం చేశాను.

మే 12

పొద్దున బట్టలు ఆరేస్తుంటే వెనకనుంచి వచ్చి నిలబడ్డారు. అధికారి ముందు నిలబడ్డట్టు, చేతులు పక్కకి పెట్టుకుని.

"ఆలోచించాను" అన్నారు.

తడి దుప్పటి చేతిలో ఉండిపోయింది.

"ఇష్టమే. మంగళవారం మాత్రం ఇష్టం లేదు."

మంగళవారం ఏం జరిగిందో నాకు గుర్తు లేదు. ఏమీ జరగలేదనే అనబోయాను, నోటిదాకా వచ్చింది. ఆపుకుని, దుప్పటి బకెట్లో వేసి, "ఏం చేశాను?" అని అడిగాను.

చెప్పారు. చాలాసేపు చెప్పారు. ఎండ పైకొచ్చి ఆరేసిన బట్టలు సగం ఆరిపోయాయి, ఇంకా చెబుతూనే ఉన్నారు. నేను వింటూ ఉన్నాను.